బాడీ వచ్చిన ఆదివారం

ఆ రోజుల్లో నేను కొండాపూర్‌లో ఉండేవాడినని ఇప్పుడు ఎవరితో అన్నా, "అబ్బో, అప్పుడే అక్కడో స్థలం కొని పడేసుంటే..." అని మొదలుపెడతారు. స్థలం కొనే తెలివే ఉంటే ఇలా జ్ఞాపకాలు రాసుకుంటూ ఎందుకు కూర్చుంటాను? అప్పట్లో నా కళ్లకు అక్కడ స్థలాలు కనపడలేదు. బండరాళ్లు కనపడ్డాయి, బర్రెలు కనపడ్డాయి, దూరంగా హైటెక్ సిటీలో కొత్తగా లేచిన గుండ్రటి అద్దాల మేడ కనపడింది. ఆ మేడలో ఓ మూల నా ఉద్యోగం. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీలు మర్చిపోయి గందరగోళపడతాయని లోకమంతా వణికిపోతున్న కాలం అది. అవి గందరగోళపడకుండా చూసే పనిని నాలాంటి వాళ్ల చేతుల్లో పెట్టారంటే, లోకం నిజంగానే ఎంత కష్టంలో ఉందో మీరే ఊహించుకోండి. నేను అనంతపురం నుంచి వచ్చినవాణ్ని. ప్రతి మాటకీ "ఏమప్పా" అంటానని ఆఫీసులో నా పేరు తీసేసి "అప్ప" అని పిలిచేవాళ్లు. నా పక్క కుర్చీలో కూర్చునేవాడిది రాజమండ్రి వైపు. వాడు నన్ను "బాబాయ్" అంటాడు, నేను వాణ్ని "గోదారి" అంటాను. మా ఇద్దరికీ కామన్‌గా ఉన్న జబ్బు ఒక్కటే, గిటారు.

నా సంగీత ప్రతిభ గురించి దాపరికం లేకుండా చెప్పేస్తాను. కాలేజీలో మామూలు గిటారు మీద నేను నేర్చుకున్నవి కొద్దిపాటి వాయింపులు, వాటిలో ఒకటి తప్పు. (అది తప్పని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పటికి దానితో చాలామందిని హింసించేశాను.) నిజాంపేటలో ఉన్న గది ఆ వాయింపు వల్లే పోయింది. ఆ ఓనరు మర్యాదస్థుడు. "మీరు ఖాళీ చేస్తారా, మమ్మల్ని చేయమంటారా?" అని మాత్రం అడిగాడు. పెళ్లికాని కుర్రాళ్లకు గది దొరకడమే గగనం. ఎండలో తిరిగి తిరిగి, చివరికి కొండాపూర్‌లో పాల వ్యాపారం చేసే ఓ పెద్దాయన ఇంటి మీద గది దొరికింది. ఆఫీసుకి నడిచి పోవచ్చు, పొద్దున్నే చిక్కటి పాలు, ఓనరమ్మ అప్పుడప్పుడూ పైకి పంపించే జొన్నరొట్టె. స్వర్గమంటే ఇంకెలా ఉంటుంది? అయితే ఆ స్వర్గానికి ఒకే ఒక్క షరతు. పెద్దాయన మొదటి రోజే మీసం మీద చెయ్యేసుకుని చెప్పేశాడు. "జూడు బిడ్డా, నువ్వేమన్న తిను, ఎప్పుడన్న రా. గని పాట గీట, వాయించుడు గీయించుడు నా ఇంట్ల నడ్వయి. నీకంటె ముందున్న పిలగాడు తబలా కొట్టిండు. బర్రెలు బెదిరి పాలు చేపలె. తెల్లారేసరికి ఖాళీ జేపిచ్చిన." నేను వెంటనే, "సంగీతమంటే నాకసలు గిట్టదు పెద్దాయనా" అన్నాను. మామూలు గిటారుని గోదారి గదిలో దాచేశాను.

అయినా మనసు ఊరుకోదు కదా. అప్పుడే గోదారికి ఓ మహత్తరమైన ఆలోచన వచ్చింది. "కరెంటు గిటారైతే ఏ గొడవా ఉండదు బాబాయ్! తీగెలు మీటితే టిక్కు టిక్కుమని తప్ప వినపడదు. చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకున్నావంటే నీ సంగీతం నీకే. బర్రె కాదు కదా, బల్లి కూడా బెదరదు." బాగానే ఉంది. కానీ మంచి కరెంటు గిటారు ఇక్కడ దొరకదు, బయటి దేశం నుంచి రావాలి. మా ఆఫీసు సీనియర్ ఒకాయన సింగపూర్‌లో పనిచేసి తిరిగొస్తున్నాడని తెలిసి (ఆయన్ని మేం సింగపూర్ అన్న అనేవాళ్లం) కాళ్లావేళ్లా పడ్డాం. గిటారు మొత్తం పెట్టెలో పట్టదని, ముందు బాడీ తెస్తానని, మెడ మరో విడతలో ఇంకెవరితోనైనా తెప్పిస్తానని ఆయన ఒప్పుకున్నాడు. ఎలాగూ మరలతో బిగించేవే కదా.

ఇక బాడీ వచ్చేదాకా నాకు కట్టె పిచ్చి పట్టుకుంది. కరెంటు గిటారుకి లోపల డొల్ల ఉండదు, అది నిండు దిమ్మ. ఆ దిమ్మ కట్టె ఎలాంటిదైతే మోత అలాంటిదని ఇంటర్నెట్‌లో చదివాను. ఆఫీసు ప్రింటర్ మీద కాగితాలు కాగితాలు తీసుకుని, ఆల్డర్, యాష్, బాస్‌వుడ్, మహాగని అని సంధ్యావందనంలా వల్లె వేశాను. ఒకే ముక్కలోంచి కోసిన బాడీ శ్రేష్ఠం, రెండు ముక్కలు అతికిస్తే మధ్యమం, అంతకు మించితే అధమం. రంగు పలచగా ఉంటే మంచిది, మందంగా ఉందంటే కింద ఏదో దాస్తున్నారని అర్థం. మెడ కూర్చునే గాడిలో సందు ఉండకూడదు. ఇదంతా నేను చదివింది చదివినట్టు ఆఫీసులో అందరికీ ఉచితంగా చెప్పేవాణ్ని. అంతటితో ఆగితే బాగుండేది. ఎదురుపడిన ప్రతి చెక్కనీ వేలి కణుపుతో కొట్టి చూడటం అలవాటైపోయింది. నా జీతం పెంపు గురించి మాట్లాడటానికి మేనేజర్ గారు పిలిస్తే, ఆయన చెబుతున్నది వినడం మానేసి ఆయన బల్లని టకటకా కొట్టి, "రంపపు పొట్టు అదిమి చేసిందండీ ఇది" అన్నాను. పెంపు సంగతి ఆయన ఇంకెప్పుడూ ఎత్తలేదు. ఇంతా చేసి, ఆల్డర్ చెట్టు ఎదురుగా వచ్చి నమస్కారం పెట్టినా నేను గుర్తుపట్టలేను.

అప్పట్లో మాలాంటి వాళ్లకి సెల్‌ఫోన్లు ఎక్కడివి? ఓనరు గారి ఇంట్లో ఫోనే నా పి.పి. నంబరు. శనివారం సాయంత్రం కింద నుంచి ఓనరమ్మ కేకేసింది, "బిడ్డా, నీకు ఫోనొచ్చింది!" పరుగున దిగాను. బేగంపేట విమానాశ్రయానికి పోయి సింగపూర్ అన్న దగ్గర సరుకు తీసుకున్న గోదారి, ఎస్టీడీ బూత్ నుంచి చేస్తున్నాడు. హాల్లో పెద్దాయన, ఓనరమ్మ, పాలకోసం వచ్చిన ఇద్దరు ముసలాళ్లు టీవీ చూస్తున్నారు. నాకు సరిగ్గా వినపడాలని మర్యాదగా టీవీ శబ్దం తగ్గించేశారు. దాంతో నేను మాట్లాడే ప్రతి మాటా వాళ్లకి స్పష్టంగా వినపడే ఏర్పాటు జరిగిపోయింది. గిటారు అన్న మాట నోట్లోంచి జారిందంటే గది గోవిందా. అందుకని నేను మహా తెలివిగా, ఆ మాట రాకుండా, ఇంగ్లీషు కూడా వీలైనంత తగ్గించి మాట్లాడటం మొదలుపెట్టాను. నేనన్న మాటలు ఇవి, ఒక్క అక్షరం కూడా కలపడం లేదు.

"ఏమప్పా, బాడీ వచ్చిందా?... యాడుందిప్పుడు? నీ రూములోనా? మంచం మీద పడుకోబెట్టు, నిలబెట్టొద్దు... ఒకటే ముక్క కదా?... ఏందీ, మూడు ముక్కలా!" (ఇక్కడ నా గొంతు పూడుకుపోయింది. అధమం కదా.) "అతుకులు కనపడ్తాండాయా? పైన మందంగా రంగు పూసి కప్పెట్టింటారు... మెడ రాలేదా? అది తెలిసిందే లేప్పా, మెడ తర్వాత ఎవురన్నా తెస్తారులే... సరే గానీ కట్టె సంగతి చెప్పు. కట్టె మంచిదేనా? కట్టె మంచిది కాకుంటే ఏం చేసి ఏం లాభమప్పా..." తర్వాత గొంతు తగ్గించి, చెయ్యి అడ్డం పెట్టుకుని అన్నాను, "రేపు పొద్దున్నే దుప్పట్లో చుట్టి ఈడికే తీసుకురా. ఇంటోళ్లకి తెలిస్తే ఒప్పుకోరు, గది పోతాది. సప్పుడు కాకుండా పైకెక్కిద్దాం."

ఫోను పెట్టేసి, ఎంత గడుసుగా నెట్టుకొచ్చానో అనుకుంటూ వెనక్కి తిరిగాను. టీవీ ఆపేసి ఉంది. ముసలాళ్లిద్దరూ తలలు దించుకున్నారు. ఓనరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "తిన్నవా బిడ్డా?" అని అడిగింది. గొంతు అదోలా ఉంది. పెద్దాయన నా మొహంలోకి చూడనే లేదు. "పొయ్యి పండుకో. పొద్దుగాల నేనే పైకొస్త" అన్నాడు. ఏదో మాట జారింది, గిటారు సంగతి కనిపెట్టేశారు. పాపం పిల్లాణ్ని వెళ్లగొట్టాల్సొస్తోందే అని ఓనరమ్మ బాధపడుతోంది. ఇంతకు మించి నా బుర్రకి తట్టలేదు. గదికెళ్లి పుస్తకాలు మూటకట్టుకుంటూ, మళ్లీ ఎండలో గది కోసం తిరిగే రోజుల్ని తలుచుకుని నిజంగానే ఏడుపొచ్చింది.

పొద్దున్నే కింద అలికిడైతే తొంగి చూశాను. వాకిట్లో సగం వీధి ఉంది. మగవాళ్లు భుజాన తువ్వాళ్లతో అరుగు మీద మాటల్లేకుండా కూర్చున్నారు. ఆడవాళ్లు గోడవారగా గుంపుగా ఉన్నారు. గేటు బయట ఓ ట్రాక్టరు ఆగి ఉంది, దాని తొట్టి నిండా ఎండిన తుమ్మ మొద్దులు. ఆ మొద్దులు దింపేసి నా సామాను ఎక్కిస్తారన్నమాట అనుకున్నాను. (ఒక ట్రంకు పెట్టె, ఒక చాప, ఒక కిరసనాయిలు స్టవ్. దానికి ట్రాక్టరు కావాలా అన్న ఆలోచన మాత్రం రాలేదు.) పెద్దాయన మెట్లెక్కి వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. వెనకే ఓనరమ్మ.

"బిడ్డా, ఎప్పుడు లేపుదాం?" అన్నాడు మెల్లగా.

నేను చేతులు జోడించాను. "ఈ పొద్దే లేపాలంటే ఎట్ల పెద్దాయనా? ఒక నెల టైమియ్యండి."

"నెలనా!" ఆయన కళ్లు పెద్దవయ్యాయి. "నెల దినాలు ఎట్ల వెట్టుకుంటవ్ బిడ్డా? అసలే ఎండకాలం. ఆగుతదా?"

"పోనీ ఒక వారం. వారంలో ఏదో ఒక దోవ చూసుకుంటా."

"వారం గూడ ఆగదు బిడ్డా, నా మాటిను. మీ దిక్కు నుంచి ఎవలన్న రావాల్నా?"

"నాకీ ఊర్లో ఎవురున్నారు పెద్దాయనా? వచ్చేవాళ్లు లేరు. నేనొక్కణ్నే మోసుకోవాల" అన్నాను. నా ట్రంకు పెట్టె గురించే అన్నాను.

అంతే, ఓనరమ్మ గొల్లుమంది. "ఒక్కనివే ఎట్ల మోస్తవ్ కొడుకా! మేం లేమా? గింత మంది నిలబడ్డరు, నీకు కండ్లవడ్తలేరా?" కింద ఆడవాళ్లు కూడా అందుకున్నారు. పెద్దాయన తన కళ్లు తుడుచుకుని, నా గడ్డం పట్టుకుని పైకెత్తాడు. "కిరాయి ఇల్లని బుగులు వెట్టుకున్నవా? ఇంటోళ్లు ఒప్పుకోరంటివి గద ఫోన్ల. ఎవలన్నరు ఒప్పుకోరని? లోకం ఏమన్న అననీ. నీ మనిషి గీ ఇంట్లకెళ్లే లేస్తడు. కట్టె గురించి నువ్వు ఫికర్ వెట్టుకోకు. మా చేన్ల తుమ్మకట్టె, రెండేండ్లు ఎండింది, దెప్పిచ్చిన."

నా మనిషా? కట్టెలా? నా బుర్రలో ఏదో మెల్లమెల్లగా తిరగడం మొదలైంది. పూర్తిగా తిరిగేలోపే గేటు దగ్గర గోదారి స్కూటరు ఆగింది. వెనక సీటుకి తాళ్లతో కట్టి, తెల్లటి దుప్పట్లో చుట్టిన మూట. అరుగు మీద మగవాళ్లంతా లేచి నిలబడి భుజాల మీది తువ్వాళ్లు తీసేశారు. "అయ్యో, గింతేనా?" అని ఎవరో గొణిగితే, "మూడు ముక్కలైందట, మెడ గూడ దొరకలేదట" అని ఇంకెవరో లోగొంతుకతో చెప్పారు. గోదారి బిక్కమొహంతో, "ఏంటండీ, ఏమైందండీ? ఎవరన్నా పోయారాండీ?" అని అడుగుతున్నాడు. ఓ ముసలాయన వాడి వీపు నిమిరి, "నువ్వు జర ధైర్నంగుండాలె నాయినా. దోస్తుకు నువ్వే దిక్కు" అన్నాడు.

అప్పుడర్థమైంది నాకు. శనివారం సాయంత్రం నేను ఫోన్లో అన్న మాటలన్నీ ఒక్కొక్కటిగా చెవుల్లో తిరిగి వినపడ్డాయి. బాడీ, మూడు ముక్కలు, దుప్పటి, కట్టె... భూమి చీలి నన్ను మింగితే బాగుండుననిపించింది. మెట్లు దిగి, గబగబా తాళ్లు విప్పి దుప్పటి లాగేశాను.

ఎర్రటి బాడీ ఎండకి ధగధగా మెరిసింది.

వీధి వీధంతా నోరు తెరిచింది. అప్పుడు నేను చేసిన పనేమిటో చెబితే మీరు నన్ను క్షమించరు. అంతమంది మధ్యలో, నా పరువు, నా గది రెండూ గాల్లో ఉండగా, నా చూపు దానంతటదే మెడ కూర్చునే గాడిలోకి పోయింది. అక్కడ రంగు వేయరు కదా, అసలు కట్టె కనపడుతుంది. చూద్దును కదా, మూడు ముక్కలు కూడా కాదు, పొరలు పొరలుగా పూతరేకుల్లా ఉంది. "ప్లైవుడ్" అన్నాను. నా కళ్లలోంచి నీళ్లు బొటబొటా రాలాయి. ఇంకా ఏం జరుగుతోందో తెలియని ఓనరమ్మ మాత్రం నా తల నిమురుతూ, "ఏడ్వు బిడ్డా, ఏడిస్తె లోపలిది దిగుతది" అంది.

పెద్దాయన వచ్చి ఆ దిమ్మని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గిదేంది?" అన్నాడు. చెప్పక తప్పలేదు. గిటారు అన్న మాటతో మొదలుపెట్టి అంతా చెప్పేశాను. ఆయన మెల్లగా అరుగు మీద కూలబడ్డాడు. "అంటే... ఎవ్వలు సచ్చిపోలే?"

"లేదు పెద్దాయనా."

"మీ అమ్మ, నాయిన మంచిగున్నరు?"

"బాగుండారు."

"అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లు?"

"అందరూ బాగుండారు పెద్దాయనా."

ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. తర్వాత పొట్ట కదలడం మొదలైంది, మీసాలు కదిలాయి, చివరికి దగ్గు వచ్చేదాకా నవ్వాడు. ఆయన నవ్వాడు కాబట్టి వీధంతా నవ్వింది. ఇందాకటిదాకా తలలు దించుకున్న ముసలాళ్లే నన్ను చూసి అరుగు మీద దొర్లారు. నవ్వు ఆగాక పెద్దాయన అసలు సంగతికి వచ్చాడు. "గిది మోగుతదా?"

"ఇప్పుడు మోగదు పెద్దాయనా. మెడ రాలేదు."

"గట్లనా. ఇగ మోగనిదానితోని నాకేం పంచాయితి? ఉండనీ. మెడ వచ్చిననాడు జూద్దాం తీ" అని తీర్పు చెప్పేశాడు. గది నిలబడింది. (ఆ మెడ ఏనాడూ రాలేదు. సింగపూర్ అన్న ఇంకో కంపెనీకి మారిపోయాడు. అక్కడున్నన్నాళ్లూ పెద్దాయన వీధి చివరి నుంచి "ఏంది బిడ్డా, మెడొచ్చిందా?" అని కేకేసి అడిగేవాడు. కొత్తవాళ్లెవరైనా పక్కనుంటే హడలిపోయేవాళ్లు.)

అక్కడితో అయిపోతే బాగుండేది. "చావుకని బయలెల్లినం, తానం జెయ్యకుంట ఇండ్లల్లకు ఎట్ల వోతం?" అని ఓ పెద్దామె అడిగింది. చావు లేదు కదమ్మా అంటే వినదే. లేకపోయినా బయల్దేరిన మాట నిజమే కదా, అందరూ ఔనన్నారు. ఇంకేం, వాకిట్లో రాళ్లు పెట్టి, పెద్ద నీళ్ల గంగాళం ఎక్కించి, ట్రాక్టర్లో వచ్చిన ఆ తుమ్మకట్టెలే పెట్టి మంట వేశారు. వరసగా వీధంతా స్నానాలు. ఓనరమ్మ ఊరుకోక ఆ ఎర్ర బాడీ మీద కూడా పసుపు నీళ్లు చల్లింది. పాలిష్ పాడవుతుందమ్మా అని నేను అడ్డం పడితే, నా మీద కూడా చల్లింది. గోదారి పాపం, "నాకు పొద్దున్నే స్నానం అయిపోయిందండీ" అంటున్నా వినకుండా వాడి తల మీద చెంబుడు గుమ్మరించారు.

నా వంతు వచ్చింది. పెరట్లో తడకల స్నానాల గదిలో వేడినీళ్ల బకెట్ పెట్టుకుని కూర్చున్నాను. మొదటి చెంబు పోసుకునేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను. అప్పుడు ఎందుకో నిజాంపేట గుర్తొచ్చింది. మా సందులోనే, అద్దెకున్న ఒకాయన తండ్రి దవాఖానలో పోతే, ఓనర్లు శవాన్ని ఇంట్లోకి రానివ్వలేదు. తమ ఇంటికి కీడని గేటుకి తాళం వేసుకున్నారు. అంబులెన్సు రోడ్డు మీద నిలబెట్టి, అక్కడే దండ వేసి, అక్కడి నుంచి అటే తీసుకుపోయారు. ఈ ఊళ్లో కిరాయి ఇళ్లకి అదే రివాజు, ఎవరూ తప్పుపట్టరు. ఆ రివాజు పెద్దాయనకి నాకంటే బాగా తెలుసు. తబలా మోతనే ఒప్పుకోని మనిషి. నా పేరు కూడా సరిగ్గా తెలీదు ఆయనకి. ముక్కూ మొహం తెలియని నా చుట్టమెవరో ముక్కలై వస్తున్నాడని నమ్మి, తన గుమ్మంలోంచే లేపుదామన్నాడు. కట్టె కూడా తెప్పించాడు. పొద్దున్నుంచీ నేను గది పోతుందని వణికిపోయింది ఇలాంటి మనిషి ముందు. నీళ్లు మీద పోసుకుంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఈసారి ప్లైవుడ్ గురించి కాదు.

తడక మీద దబదబా బాదారు. "ఏందిరా నాయినా, లోపల్నే కాపురం వెడ్తవా? ఇంక మంది లైన్ల ఉన్నరు!" పెద్దాయన గొంతే.

తువ్వాలుతో మొహం గట్టిగా తుడుచుకుని బయటికొచ్చాను. పొయ్యి దగ్గర కూర్చుని మొద్దులు ఎగదోస్తున్న ఓనరమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "కండ్లేంది బిడ్డా, గంత ఎర్రగయినయ్?"

"పొగమ్మా" అన్నాను.

ఆమె మంట వైపు చూసింది, నా వైపు చూసింది. "రెండేండ్లు ఎండిన కట్టె. పొగెక్కడిది?" అంది.

కట్టెల గురించి ఆ రోజుల్లో నాకున్న పరిజ్ఞానం అదీ.